అడగకుంటనే అన్న ఆమెన్

మచ్చ బొల్లారంల ఎలీషమ్మ ఇంటి మీది అర్రల కిరాయికుండే పిలగాని పేరు ఎమేక. పెట్టినోళ్లు మంచిగనే పెట్టిండ్రు, ఇన్నోళ్లతోనే వచ్చింది తిప్పలు. "మీ కొత్త కిరాయిదారు పేరేంది వదినా?" అని పక్కింటి పద్మమ్మ అడిగింది. "ఎమేక" అన్నది ఎలీషమ్మ. "నేనూ గదే అడుగుతున్న, ఏ మేక?" అన్నది పద్మమ్మ. ఇగ ఆ దినం సంది గల్లీ అంత మేక, మేక అనుడే. ఎలీషమ్మకు సుర్రుమన్నది. ఆరడుగుల మనిషిని, పెద్ద చదువు చదివేటోన్ని పట్టుకొని మేక అనుడేంది, నోటికి అడ్డూ ఆపూ ఉండద్దా? అసలు పేరు చుక్వుఎమేక అనీ, దేవుడు గొప్ప కార్యం చేసిండని దాని అర్థమనీ వాడే చెప్పిండు. గంత మంచి అర్థమున్న పేరుకు ఆమె నోరు తిరగది. అందుకని ఇమ్మానుయేలు అని పిలిచేది. వాడు "హా అవ్వా" అని పలికేటోడు.

వానిది నైజీరియా. ఆ దేశంల ఇగ్బో అనే జనం ఉంటరు, వాడు ఆ జనంల పుట్టినోడు. మేడ్చల్ దిక్కు కాలేజీల ఫార్మసీ చదువుతున్నడు, వచ్చి మూడేండ్లాయె. సగం తెలుగు, సగం హిందీ, అందని కాడ ఇంగ్లీషు. ఎలీషమ్మ కూడ జీడిమెట్లల మాత్రల కంపెనీల ఇరవై రెండేండ్లు ప్యాకింగ్ పని చేసి దిగిపోయిన మనిషి, గోలీల పేర్లు ఆమెకు కొట్టిన పిండి. వాడు పరీక్షకు చదువుకుంటుంటే, "ఆ మందు తెల్లగుంటది, పసుపు పచ్చది వేరే" అని కింది నుంచే అరిచేది. ప్రతి ఆదివారం వాడు ఎలీషమ్మ ఇంటోళ్లతోనే చర్చికి వచ్చేటోడు.

అసలు కత చర్చిల మొదలైంది. ఆరాధన అయిపోయే ముంగట ఎవలకున్న మనవి వాళ్లు చెప్పుకుంటరు గద, గప్పుడు ఎమేక లేచిండు. వాని ఇంగ్లీషును ఎలీషమ్మ మనవరాలు కెజియా తెలుగు చేస్తది. డిగ్రీ రెండో ఏడాది, మస్తు హుషారు పిల్ల. "నా ఇగ్బో జనం చాన ఏండ్ల సంది బాధల ఉన్నరు. మాకంటూ ఒక స్టేట్ రావాలని ప్రార్థన చేయుండ్రి" అన్నడు వాడు. కెజియా గుక్క తిప్పుకోకుంట, "మా జనానికి ప్రత్యేక రాష్ట్రం రావాలని ప్రార్థన చేయుండ్రి" అన్నది.

ఇగ సూడు! మచ్చ బొల్లారంల, అందులో తెలంగాణ లొల్లిల లాఠీ దెబ్బలు తిన్నోళ్లున్న చర్చిల, ప్రత్యేక రాష్ట్రమన్న మాట పడితే ఊకుంటరా? ఆమెన్ అని ఒక్కసారే అందరి గొంతులు లేసినయి. ఎనక వరుసల ఎవలో "జై..." అని సగం అని, చర్చి యాదికొచ్చి "హల్లెలూయ" అన్నరు. ఎలీషమ్మ కండ్లల్ల నీళ్లు తిరిగినయి. లేచి నిలవడ్డది. "నేను సుచిత్ర చౌరస్తల నడి రోడ్డు మీద పొయ్యి వెట్టి, వంటావార్పుల అన్నం వండినదాన్ని. పోలీసోళ్లు గంజు ఎత్తేస్తే మళ్ల తెచ్చి వెట్టినదాన్ని. ఈ పిలగానికి రాష్ట్రం వచ్చేదాక నేను వీని ఎనక ఉంట. ఏడ మాట్లాడుమంటే ఆడికొచ్చి మాట్లాడుత" అన్నది. అందరి ముంగట, బైబిలు చేతుల వట్టుకొని అన్నది.

ఎమేక ఆ మాట పట్టుకున్నడు. పట్నంల చదువుకునే ఇగ్బో పిలగాండ్లు నలభై మంది దాక ఉన్నరు, వాళ్లకో సంఘమున్నది, వీడు దానికి కార్యదర్శి. మూడు వారాల తర్వాత ఆదివారం షామీర్‌పేటల ఒక తోటల కూడుతున్నరు. మేం విడిపోవాలె అని తీర్మానం చదివి, వీడియో తీసి లోకమంత పంపుతరట. చదివేటోడు ఎమేక. దానికంటె ముంగట, పోరాడి గెలిచిన మనిషిగ ఎలీషమ్మ మాట్లాడాలె.

బుధవారం పొద్దుగాల ఎలీషమ్మ అరుగు మీద చింతపండు పిక్కలు తీసుకుంట కూసున్నది. ఎమేక మెట్ల మీద చాయ తాగుతున్నడు.

"ఇమ్మానుయేలూ, మీ రాష్ట్రమొస్తే రాజధాని ఏ ఊరు? ముందే తేల్చుకోండ్రి బిడ్డా. మాకు హైదరాబాద్ కాడ మస్తు పరేషానైంది."

వాడు అర్థం గానట్టు చూసిండు. "రాష్ట్రం మాకు ఉంది అవ్వా. ఐదు ఉంది."

"ఐదా! మాకు ఒక్కటి తెచ్చుకునెతందుకు పాణం మీదికొచ్చె. ఐదు ఉన్నంక మీకు ఇంకేం గావాలె?"

"దేశ్ అవ్వా. అలగ్ దేశ్. కంట్రీ."

ఎలీషమ్మ చేతుల చింతపండు చేతులనే ఉన్నది. "కెజియా! ఇటు రా నువ్వు జల్దీ" అని ఒక్క కేక వెట్టింది. పిల్ల ఉరికొచ్చింది. "స్టేట్ అంటే ఏందే?" "రాష్ట్రం అవ్వా, గదీ తెల్వదా?" "వీడు దేశమంటున్నడు!" కెజియా ఫోన్ల చూసింది, ఇంకోపాలి చూసింది, మొఖం సిన్నగైంది. "దేశమని గూడ అర్థమున్నదట అవ్వా." "నీ ఇంగ్లీషు పాడుగాను! నలుగురిల నిలవడి ఇంకో దేశానికి ఆమెన్ అంటినా నేను?"

ఎమేకకు నవ్వొచ్చింది. ఎలీషమ్మకూ రావాల్సిందే గని, ఆమెకు వేరే సంగతి తట్టింది. "మీ అక్క ఏడుంటది రా?"

"కానో. ఉత్తరంల పెద్ద ఊరు."

"మీ కొత్త దేశంల వస్తదా అది?"

"లేదు. అది పాత దేశంల ఉంటది."

"మరి మీ అక్కను చూడాల్నంటే ఎట్ల పోతవు?"

"వీసా..." అని నవ్వబోయి ఎమేక ఆపేసిండు. చాయ కప్పు కింద వెట్టి పైకి పోయిండు.

ఆ అక్క పేరు చిన్యెరె. తల్లి సచ్చిపోయినంక ఎమేకను సాకింది ఆమెనే. కానోల మొగడూ ఆమె బండ్ల సామాన్ల దుకాణం నడుపుతరు, పిల్లలు ఆడనే పుట్టిండ్రు, ఆ ఊరి భాషనే మాట్లాడుతరు. రెండొద్దులకు ఫోన్ల ఆమె గొంతు మెట్ల దాక వినవడ్డది, భాష తెల్వకున్నా బతిమాలుతున్నదని తెలుస్తనే ఉన్నది. ఏమన్నదని ఎలీషమ్మ అడిగితే ఎమేక దాచలేదు. తీర్మానం ఎవలతోనన్నా చదివించు, నీ మొఖం వద్దు, నీ పేరు వద్దు, ఆ వీడియో మా గల్లీల పిలగాండ్లు చూస్తే రేపు నా దుకాణం ముంగటికి వస్తరు అన్నదట.

"మరి?"

"చదువుత అవ్వా. అందరు డర్ అంటే ఎవరు చదువుతరు?" అన్నడు వాడు దవడ బిగవట్టి. "నువ్వు రోడ్డు మీద కూసున్నవు గద. నువ్వు డరినవా?"

ఎలీషమ్మకు తను మైకు వట్టుకొని ఉడుకు మాటలు నాలుగు చెప్పుడు, ఆ ఉడుకు మీద వాడు లేచి చదువుడు, ఆడ కానోల ఆ ఆడిబిడ్డ దుకాణం షట్టరు దించుకొని పిల్లలను లోపటికి గుంజుకొనుడు, అంత కండ్ల ముంగట కనవడ్డది. పోనీ మాట తప్పుదామా అంటే బైబిలు వట్టుకొని అన్నది. పోనీ, అయ్యే పని గాదు బిడ్డా అందామా అంటే ఆ మాట ఆమె నోట్లకెల్లి రాదు. ఎందుకు రాదో చెప్పాల్నంటే ఫణిభూషణ్ సంగతి చెప్పాలె.

ఫణిభూషణ్ భీమవరం దిక్కు మనిషి, సుచిత్ర కాడ బ్యాంకుల మేనేజరు చేసిండు. వంటావార్పు దినం వాళ్ల బ్యాంకు ముంగటనే వీళ్ల పొయ్యి. ఆయన బయటికొచ్చి, "ఇది ప్రాక్టికల్ కాదమ్మా, లేవండి" అన్నడు. ఆ ఒక్క మాటకు ఎలీషమ్మ మూడేండ్లు మండింది. రాష్ట్రం వచ్చిన నాడు మిఠాయి డబ్బ తీస్కపోయి సీదా ఆయన టేబుల్ మీద వెట్టింది. "తినుండ్రి సార్, ప్రాక్టికల్ లడ్డు" అన్నది. పాపం, ఆయన తిన్నడు కూడ. ఇప్పుడు రిటైరై సుచిత్ర అవతల కొత్త కాలనీల ఉంటడు. కూరగాయల మార్కెట్‌ల ఎదురైతే నమస్తే అంటే నమస్తే, గంతే.

ఆయన ఇంటికి పోత అని ఎలీషమ్మ కలల గూడ అనుకోలే. గని పోయింది. లోపట కూసొని జరిగిందంత చెప్పింది.

ఫణిభూషణ్ కండ్లద్దాలు తుడుచుకున్నడు. "ప్రాక్టికల్ గురించి నన్నడుగుతున్నారా ఎలీషమ్మగారూ!"

"ఎత్తిపొడుపులు తర్వాత సార్. సంగతి చెప్పుండ్రి."

"సంగతంటే బోలెడుందండీ. ఓడరేవు ఎవరి చేతిలో ఉంటుంది? నోటు ఎవరు అచ్చేస్తారు? ఆ చుట్టుపక్కల వేరే చిన్నచిన్న జనాలుంటారు, వాళ్లు వీళ్లతో వస్తామన్నారా, లేక వాళ్లని వీళ్లు లాక్కెళతారా? ఈ కుర్రాడి వాళ్లు దేశమంతా దుకాణాలు పెట్టుకున్నారు, వాళ్లేమైపోవాలి?" అని ఆగి, ఆయనే తల అడ్డంగ ఊపిండు. "ఇలాంటివే ఆనాడు మీకూ చెబుదామనుకున్నాను. నీళ్లు, కరెంటు, ఉద్యోగాలు అని. చెప్పినా మీ చెవికెక్కేవి కాదు. ఎందుకంటే అంత ఎండలో మీరెందుకు కూర్చున్నారో నేను ఒక్కసారి కూడా అడగలేదు కదండీ."

ఆయన అట్లంటడని ఆమె అనుకోలే.

"ఇంకోటి చెప్పనా? విడిపోయిన మర్నాడు భయంభయంగానే బ్యాంకుకి వెళ్లాను. ఏమీ కాలేదు. నా ఇల్లు ఇక్కడే, ఓటు ఇక్కడే. భీమవరం బస్సెక్కితే ఏ కాగితమూ చూపించమనలేదు ఎవరూ. అదే ఇంకో దేశం అయ్యుంటే, మీరు లడ్డూ పెట్టే నాటికి నేను ఈ ఊళ్లో ఉండేవాణ్నా?"

ఇంటికొచ్చినంక ఎలీషమ్మ ఎమేకను పిలిచి పళ్లెంల అన్నం పెట్టింది. "నువ్వెందుకు అడుగుతున్నవో నేనింత వరకు అడగనే లేదు బిడ్డా. చెప్పు" అన్నది. కెజియా పక్కన కూసొని, అందని మాట అందించింది.

వాడు తినుడు ఆపి చెప్పిండు. వాళ్ల అమ్మకు ఆరేండ్లప్పుడు, ఇట్లనే విడిపోతమంటే లడాయి వచ్చిందట. రోడ్లు బంద్, ఓడలు బంద్, తిండి రాకుండ చుట్టూ మూసేసిండ్రట. అమ్మకు ఇద్దరు తమ్ముండ్లు, ఇద్దరూ ఆకలికి కడుపులు ఉబ్బి పోయిండ్రు. "వాళ్ల పేరు ఏ బుక్‌ల లేదు అవ్వా. అమ్మ నాకు చెప్పింది. ఇప్పుడు అక్కకు, నాకే తెలుసు" అన్నడు. ఎలీషమ్మ ఆ ఇద్దరి పేర్లు అడిగి చెప్పించుకున్నది. కొంగు నోట్ల వెట్టుకొని ఏడ్చింది. ఆ బాధ ముంగట ఓడరేవు గీడరేవు అంటే చెంప పగులుతది అనుకున్నది. అయినా సరే, కానోల ఉన్న ఆ అక్కను మర్వలేకపాయె. ఇగ ఏం మాట్లాడాల్నో ఆమె మనసుల ఖాయమైంది, ఎవలకేమనిపించినా సరే.

ఆదివారం షామీర్‌పేటకు ఆటోల పోయిండ్రు ముగ్గురు. తోటల కుర్చీలేసిండ్రు, అందరు కొత్త బట్టలేసుకున్నరు, ఎదురుంగ కెమెరా. సంఘానికి అధ్యక్షుడు ఒబియోర. ఎమేక కంటె మూడు నాలుగేండ్లు పెద్ద, మాట తూటాలెక్క వస్తది. ఎలీషమ్మను చేతులు వట్టుకొని తీస్కపోయి ముంగట కూసోవెట్టిండు. "మా అమ్మ వచ్చింది. ఈమె గెలిచింది, మనం గెలుస్తం" అన్నడు. చప్పట్లు మోగినయి.

ఎలీషమ్మ లేచింది. కెజియా పక్కన నిలవడ్డది. "చెప్పింది చెప్పినట్టే చెప్పాలె, ఒక్క మాట అటిటు చేస్తే ఇంటికాడ నీ వీపు సాపే" అని చెవుల చెప్పి, మైకు వట్టుకున్నది.

"మేం కొట్లాడినం. కరెక్టే కొట్లాడినం. మళ్ల గసొంటి దినమొస్తే మళ్ల రోడ్డు మీద కూసుంట. మీ బాధ గూడ ఇన్న. ఎమేక మామల పేర్లు నాకు నోటికొచ్చినయి. ఇది అయ్యేది గాదు, సప్పుడు జేయక కూసోండ్రి అని నేనన. ఆ మాట నన్నొకలు అంటే నాకెంత మండిందో నాకెర్క." పిలగాండ్లు మళ్ల చప్పట్లు కొట్టిండ్రు. ఆమె చెయ్యెత్తి ఆపింది. "గని మేం గీసుకున్న గీత ఇంట్ల అర్రకు అర్రకు నడుమ గీత. దాటుతుంటే ఎవడూ అడ్డం రాలే. మీరు గీస్తనంటున్నది ఇంటి చుట్టూ గోడ. అటు దిక్కు చుట్టమున్నోళ్లు ఎంత మంది మీల? చేతులెత్తుండ్రి."

ఒకలి మొఖం ఒకలు చూసుకున్నరు. మెల్లగ ఒక చెయ్యి లేసింది, రెండు లేసినయి, తర్వాత లెక్కవెట్ట తరం గాలే. ఒకని నాయిన లాగోస్‌ల, ఒకని చెల్లె రాజధానిల, ఒకని పెద్దనాయిన ఇంకేడనో. ఎమేక చెయ్యి ఆఖర్న లేసింది.

ఒబియోర చెయ్యి లేవలే. "అమ్మా, నీకో మాట" అన్నడు ఇంగ్లీషుల, కెజియా తెలుగు చేస్తాంది. "ఆ నాడు నీకు ఇది గోడ అవుతది, దాటాల్నంటే వీసా గావాలె అని చెప్తే, నువ్వు రోడ్డు మీదికెల్లి లేచేదానివా?"

ఎలీషమ్మకు అబద్ధమాడుడు అలకగనే ఉండె. "లేవకపోదును బిడ్డా" అన్నది. "గంత కోపంల ఉంటి. నన్ను ఆపెతందుకు పైన పార్లమెంటున్నది, కాగితాలు రాసేటోళ్లున్నరు, గీత ఏడ గీయాల్నో వాళ్లు కూసొని గీసిండ్రు. మీకెవరున్నరు? గందుకే చెప్తున్న."

"నా చెయ్యి ఎందుకు లేవలేదో అడుగు" అన్నడు ఒబియోర. "మా నాయినది కూడ ఉత్తరంలనే దుకాణం. నాకు తొమ్మిదేండ్లప్పుడు లొల్లి అయింది. మూక వచ్చి ఆయన్ను దుకాణంలనే చంపిండ్రు. అటు దిక్కు నాకిప్పుడు ఎవరూ లేరు. నాకు గోడ కావాలె."

ఎలీషమ్మ పోయి వాని చెయ్యి వట్టుకున్నది. "నీకు చెప్పెతందుకు నా కాడ ఏం లేదు కొడుకా. నీ జాగల నేనుంటే నేను గూడ గోడనే అడుగుదును" అన్నది. చెయ్యి ఇడిచిపెట్టకుంటనే ఎమేక దిక్కు మళ్లింది. "గని మీ నాయిన లెక్కనే దుకాణం పెట్టుకున్న ఒక మనిషి ఇంకా ఆడ బతికున్నది. ఆమెను ఎవరన్న అడిగిండ్రా? ఇమ్మానుయేలూ, మీ అక్కకు ఫోన్ కొట్టు. అందరు వినాలె. ఆమె చదువుమంటే చదువు, నేనే చప్పట్లు కొడుత."

ఎమేక జేబుల తీర్మానం, చేతుల ఫోను. కెమెరా నడుస్తనే ఉన్నది. ఆఖరుకు ఫోన్ కొట్టి మైకు కాడ వెట్టిండు. రెండు మూడు సార్లు మోగి, ఆడ ఆడమనిషి గొంతు పలికింది, ఎనక పిల్లల లొల్లి వినొస్తాంది. ఎమేక వాళ్ల భాషల అడిగిండు. చిన్యెరె చెప్పుడు మొదలువెట్టినంక ఆగలే. నలభై మంది తలలు వంగినయి.

"ఏమంటాంది?" అన్నది ఎలీషమ్మ.

ఎమేకకు తెలుగు దొరకలే, ఇంగ్లీషుల చెప్పిండు, కెజియా మెల్లగ ఒక్కో మాట అన్నది. "మనకంటూ ఒక దేశమని నా పాణం కూడ కొట్టుకుంటది తమ్మీ. మన మామలు నాకు మాత్రం మామలు గారా? గని ఆ గీత ఏడ గీస్తరో చెప్పు. నా ఇంటికి ఇవతలనా, అవతలనా? నా పిల్లలు ఈ ఊరి భాషల నన్ను అమ్మా అని పిలుస్తరు. వాళ్లను ఏ దిక్కు నిలవెడ్తవు? ఇన్నేండ్లల్ల మా కోసమని అందరు అరిచిండ్రు, మీకేం గావాల్నని అడుగుడు గిదే మొదలు."

ఎమేక తీర్మానం జేబులకెల్లి తీసిండు. చదవలే. ఒబియోరకు ఇచ్చేసిండు. "అక్క అడిగినదానికి నా కాడ జవాబు దొరికిన్నాడు చదువుత. అప్పటి దాక నేను చదవ" అన్నడు. ఎవలో ఎనకకెల్లి పిరికోడా అన్నరు. ఎమేక ఆ దిక్కు మళ్లి చూసిండు, గని కూసోలే.

అందరు ఒబియోర దిక్కు చూస్తున్నరు. కాగితం వాని చేతుల ఉన్నది, వాడు చదివితే ఆపేటోడు లేడు. వాడు కాగితం చూసిండు, ఫోన్ చూసిండు. కెమెరా కాడున్నోనికి బంద్ చెయ్యమని చెయ్యి ఊపిండు. ఫోన్ అందుకొని, ఎన్నడూ చూడని ఆ మనిషితోని వాళ్ల భాషల ఏందో మెల్లగ అన్నడు.

"ఏమన్నడే?" అని ఎలీషమ్మ మనవరాలిని గిల్లింది. కెజియాకు ఆ భాష రాదాయె. ఎమేకనే వంగి, తనకొచ్చిన తెలుగుల చెప్పిండు.

"అక్కా, మా నాయినను ఎవరూ అడగలేదు. నిన్ను అడగకుండ మేం గీత గీయం, అన్నడు."